మస్కటు మొంబత్తి

మా ఆయన మస్కట్‌లో ఒక పెద్ద హోటలు వెనుక వైపు, సామాన్లు దించే చోట పనిచేస్తాడు. ఆ హోటలు ముందు వైపు ఎలా ఉంటుందో ఆయనకే సరిగ్గా తెలియదు. అయినా కోరుట్లలో మా వీధి వాళ్ళకు మాత్రం ఆ హోటలు సగం ఆయనదే అన్నంత నమ్మకం. తెలిసినవాళ్ళు ఎవరైనా సెలవు మీద వస్తుంటే వాళ్ళ పెట్టెలో ఇంత చోటు అడుక్కుని మాకు ఏదో ఒకటి పంపుతుంటాడు. సబ్బులు, పిస్తాపప్పు, తలనొప్పి మందు. ఒకసారి ఎందుకోగానీ ఒట్టి గొడుగులు పంపాడు.

పోయినేడు ఎండాకాలంలో మా పక్క మండలం ఇబ్రహీంపట్నం మనిషి ఒకాయన సెలవు మీద వస్తూ మాకు ఒక డబ్బా తెచ్చి ఇచ్చాడు. దాని చుట్టూ ఎంత టేపు చుట్టారంటే, నేను బ్లౌజులు కత్తిరించే కత్తెరతో విప్పేసరికి కత్తెర మొద్దుబారింది. లోపల బరువైన గాజు సీసా. మూత తీస్తే తెల్లగా, గట్టిగా, నున్నగా ఏదో ఉంది. బేకరీ ముందు నుంచి నడిచిపోతున్నప్పుడు వచ్చే వాసన.

ఇంట్లో అప్పుడు నేనూ మా అత్తమ్మా ఇద్దరమే. పిల్లలు సెలవులకని జగిత్యాలలో మా అమ్మవాళ్ళింట్లో ఉన్నారు. అత్తమ్మ సీసాను కిటికీ దగ్గరికి తీసుకుపోయి అటూ ఇటూ తిప్పి చూసింది.

"నా మోకాళ్ళకు మందు పంపుత అన్నడు కద. గదే గిది."

చెంచా వెనక భాగంతో గీకి, వచ్చిన పొట్టు రెండు మోకాళ్ళకూ పట్టించింది. మర్నాడు పొద్దున లేచి, "కొంచెం అలకగ అనిపిస్తుంది పిల్లా" అంది. నేను కూడా నమ్మాను. నా మెడ నొప్పికి రాసుకున్నాను. మళ్ళీ గీకేటప్పుడు చెంచాకు ఏదో దారంలాంటిది తగిలింది. ప్రయాణంలో ఒరిగి మైనానికి అతుక్కుపోయిన వత్తి అది. అత్తమ్మ చెంచా కింద పడేసింది.

"గిండ్ల పురుగున్నదే!"

చూస్తే మూడు పురుగులు. సాయంత్రం మా ఆయన ఫోన్ చేస్తే విషయం చెప్పాం. అవతల నుంచి చాలాసేపు నవ్వే వినిపించింది.

"గది మొంబత్తి అవ్వా! ఖుష్బూ మొంబత్తి. మోకాళ్ళకు రాసినవా?"

"రాస్తె తగ్గింది" అంది అత్తమ్మ, తగ్గకుండా.

హోటలుకు వచ్చిన సరుకులో ఒక అట్టపెట్టె మూల నలిగిందట. నలిగిన పెట్టె లోపలికి తీసుకోం అని, అందులోవి పనివాళ్ళకు తలా ఒకటి పంచేశారట. తనకు మాత్రం అక్కడ వెలిగించుకునే వీలు లేదు. గదిలో ఇన్ని మంచాలు, ఇన్ని బట్టలు, ఎవరూ ఒప్పుకోరు.

"నేనైతె గిసొంటిది ఎన్నడు ముట్టియ్యలే. మీరే ముట్టియ్యుండ్రి, నేను వీడియోల చూస్త" అన్నాడు.

అత్తమ్మకు అది బొత్తిగా అర్థం కాలేదు. "కరెంటు ఉండంగ మొంబత్తెందుకు రా?"

"వాసనకే అవ్వా."

"వాసనకైతె ఊదుబత్తులు లేవా?"

ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. నా చిన్నప్పుడు జగిత్యాలలో మొంబత్తి, అదే కొవ్వొత్తి, అంటే కరెంటు పోయిన రాత్రుల సరుకు. స్టీలు గ్లాసు బోర్లించి, దాని అడుగున రెండు చుక్కలు మైనం కార్చి, అది గట్టిపడేలోగా కొవ్వొత్తిని నిలబెట్టి పట్టుకునేవాళ్ళం. కొందరు టీవీ మీదే అంటించేవారు. పక్కనే కాలెండరు, పైన ప్లాస్టిక్ పూలు. ఇప్పుడు తలుచుకుంటే మా వాడ మొత్తం ఎలా కాలిపోకుండా మిగిలిందో నాకు తెలియదు. మా అమ్మ ఒక్కతే జాగ్రత్తపరురాలు. పళ్ళెంలో నీళ్ళు పోసి మధ్యలో కొవ్వొత్తిని నిలబెట్టేది. పొద్దున ఆ నీళ్ళలో పురుగులన్నీ తేలుతూ ఉండేవి. ఇప్పుడు కరెంటు ఎప్పుడో గానీ పోదు, పోయినా ఇన్వర్టరు ఉంది. కొవ్వొత్తుల సంగతే మరిచిపోయాం.

డబ్బా అడుగున ఒక కాగితం ఉంది. సన్న అక్షరాలు, అన్నీ ఇంగ్లీషు. నేను డిగ్రీ పాసయ్యానన్న మాట మా అత్తమ్మకు ఇలాంటప్పుడే గుర్తొస్తుంది. "చదువు" అని ఎదురుగా కూర్చుంది.

అక్కడే నేను పొరపాటు చేశాను. ఆ కాగితాన్ని నేను చదివి వదిలేయకుండా ఒక్కొక్కటీ తెలుగులో చెప్పాను. పుస్తకంలోంచి నోము విధానం చదివితే ఎలా వింటుందో అలా వింది ఆమె. వెలుగుతుండగా విడిచిపెట్టి పోరాదు. కదిలించరాదు. పరదాల దగ్గర పెట్టరాదు. ప్రతిసారీ వెలిగించే ముందు వత్తిని పావు అంగుళానికి కత్తిరించాలి. మొదటిసారి వెలిగించినప్పుడు మైనం సీసా అంచు దాకా కరిగేవరకూ ఉంచాలి. లేకపోతే ఇక ఎప్పుడూ మధ్యలోనే కరుగుతూ పోతుంది.

"అంటె నడుమ బాయి పడ్తదన్నట్టు" అంది అత్తమ్మ.

"అవును. కానీ నాలుగ్గంటల కంటే ఎక్కువ వెలిగించరాదట. సీసా వేడెక్కుతుందట."

ఒకచోట మాత్రం నేను తడబడ్డాను. 'డ్రాఫ్టు'లకు దూరంగా ఉంచమని రాసి ఉంది. నాకు తెలిసిన డ్రాఫ్టు ఒక్కటే, బ్యాంకులో తీసేది. "బ్యాంకు కాగితాల దగ్గర పెట్టద్దంటున్నారు" అని చెప్పాను. అత్తమ్మ వెంటనే లేచి, బీరువాలో ఉన్న పాసుబుక్కులన్నీ తీసి వంటింట్లో బియ్యం డబ్బా మీద పెట్టి వచ్చింది. రాత్రి మా ఆయన చెప్పాక తెలిసింది, డ్రాఫ్టు అంటే తగిలే గాలి అని. ఫ్యానూ కూలరూ ఆపి, కిటికీలూ తలుపులూ వేసుకోవాలని. మే నెలలో, కోరుట్లలో.

అత్తమ్మకు ఇంకో అనుమానం వచ్చింది. మూడు వత్తులు పెట్టొచ్చా? గుడి అయ్యగారికి ఫోన్ చేయించింది.

"ఏ నూనె తల్లీ?" అన్నాడాయన.

"నూనె కాదయ్యగారూ, మైనం."

"మైనమా? మరి దేవుడి దగ్గర పెడతావా?"

"కాదు. వాసనకు."

"అమ్మా, అది దీపం కాదు. కరెంటు బుగ్గ, అదే బల్బు అనుకో. బుగ్గకు ఏ నియమముంది?"

అత్తమ్మకు ఆ జవాబు సగమే నచ్చింది. నియమాలు లేని వస్తువును ఆమె నమ్మదు. అయ్యగారు లేవన్న నియమాలన్నీ కాగితంలో ఉన్నాయి కాబట్టి వాటినే గట్టిగా పట్టుకుంది. శుక్రవారం ముట్టించాలని ముహూర్తం పెట్టింది. మస్కట్‌లో మా ఆయనకు సెలవు కూడా ఆ రోజే.

శుక్రవారం పొద్దు గుంకకముందే ఇల్లు తడిగుడ్డతో తుడిచాం. బియ్యపు గింజను పక్కన పెట్టి కొలుచుకుని, గోళ్ళు తీసే కట్టరుతో మూడు వత్తులనూ కత్తిరించింది అత్తమ్మ. ముందుగదిలో గోడ వారగా పీట వేసి, పీట మీద ఇత్తడి పళ్ళెం పెట్టి, పళ్ళెంలో సీసా పెట్టింది. బుగ్గే అయినా ఎందుకైనా మంచిదని కుంకుమబొట్టు పెట్టింది. దానికి మల్లెదండ చుట్టబోతే, నిప్పు దగ్గర పూలు వద్దని నేను ఆపాను. దండ చేతిలోకి వచ్చాక ఊరికే పెట్టడం ఆమెకు చేతకాదు. వెనకాల గోడకు ఆనించి పెట్టిన ఫోనుకు వేసింది. అందులో మా ఆయన ఉన్నాడు.

"కొడుక్కు దిష్టి తాకకుంట" అంది.

ఏదో బీమా కంపెనీ ఫోన్ వచ్చి వీడియో ఒకసారి తెగింది. మళ్ళీ తెగకుండా వేరే ఫోన్లు రాకుండా పెట్టమని మా ఆయనే చెబితే అలాగే పెట్టాను. అత్తమ్మ చిన్న ఫోన్ ఎప్పుడూ స్విచాఫే. తనకు మాట్లాడాలనిపిస్తే తెరుస్తుంది, మాట్లాడాక చార్జింగు మిగలాలని మూసేస్తుంది.

తలుపులు వేశాం. ఫ్యాను ఆపాం. అత్తమ్మ అగ్గిపుల్ల గీసింది. మూడు వత్తులూ వెలిగాయి. "మంచిగ కనబడ్తుంది అవ్వా" అన్నాడు మా ఆయన. అలా అని, నవ్వబోతూ నవ్వబోతూ ఆగిపోయాడు. నెట్టు ఆగింది. సగం నవ్వుతో ఎటో దూరంగా చూస్తున్న మొహం అలాగే నిలిచిపోయింది. కదిలిస్తే మళ్ళీ తెగుతుందేమోనని మేము ముట్టుకోలేదు.

చాప మీద చెరోవైపు కూర్చున్నాం. మాట్లాడితే కూడా గాలి తగులుతుందేమోనని మెల్లగా ఉన్నాం. చెమట కాల్వలుగా కారుతోంది. అత్తమ్మ కొంగుతో మాటిమాటికీ కళ్ళూ మొహమూ తుడుచుకుంటోంది. నేను మోకాళ్ళ మీద తల పెట్టుకుని మైనం ఎంత దాకా కరిగిందో చూస్తున్నాను.

పక్కింటి ఆమె మాకు కరివేపాకు ఇవ్వడానికి వచ్చిందట. తలుపు మూసి ఉండటంతో కిటికీ అద్దంలోంచి తొంగి చూసింది. ఆమెకు ఏం కనబడి ఉంటుందో ఇప్పుడు నాకు బాగా తెలుసు. గోడకు మా ఆయన ఫోటో. ఫోటోకు పూలదండ. ముందు దీపం. దీపానికి అటూ ఇటూ తల్లీ పెళ్ళామూ నేల మీద. తల్లి కళ్ళు తుడుచుకుంటోంది.

ఆమె తలుపు తట్టలేదు. అంత దుఃఖంలో ఉన్నవాళ్ళను ఏమని పిలుస్తుంది? కరివేపాకు అరుగు మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఆ తరవాత సంగతులు మాకు మర్నాడు ఒక్కొక్కరూ చెబితే తెలిశాయి. వీధి వీధంతా మా ఇంటి ముందుకు వచ్చి నిలబడింది. నాకు ఫోన్ చేస్తే కలవదు, అత్తమ్మది స్విచాఫ్. దాంతో అనుమానం కాస్తా ఖాయమైంది. కిటికీ దగ్గర నిలబడ్డవాళ్ళకు లోపలి నుంచి మా అత్తమ్మ గొంతు వినిపించిందట.

"ఇంక ఎంతసేపే? అంచుదాక మొత్తం కరగాలె. నడుమల ఆపద్దు."

దానికి వాళ్ళు ఏ అర్థం తీసుకున్నారో గానీ, ఇద్దరు ఆడవాళ్ళు అక్కడే ఏడ్చేశారట.

ఎవరో జగిత్యాలలో మా తమ్ముడికి ఫోన్ చేశారు. ఇంకెవరో సిరిసిల్లలో మా వదినకు, అంటే మా ఆయన అక్కకు చేశారు. మా తమ్ముడికి జగిత్యాల బస్టాండు దగ్గర జిరాక్స్ దుకాణం ఉంది. మా ఆయన పాస్‌పోర్టు కాపీ వాడి కంప్యూటర్లోనే ఉంది. గల్ఫ్ నుంచి మనిషిని తెప్పించాలంటే ఎన్ని కాగితాలు కావాలో వాడు రోజూ చూస్తుంటాడు. ఏడుస్తూనే ఒక కట్ట జిరాక్సులు తీసి, రబ్బరుబ్యాండు వేసి, అమ్మకూ పిల్లలకూ ఏమీ చెప్పకుండా బయల్దేరి, దారిలో టెంటు సామాన్ల వాడికి చెప్పి, మోటరు సైకిలు మీద వచ్చాడు. తలుపు తట్టే ధైర్యం మాత్రం వాడికి లేకపోయింది. వదిన వచ్చేదాకా ఆగుదామని టెంటు పనిలో పడ్డాడు.

లోపల మాకు ఇనుప పైపుల చప్పుడు వినిపించింది. కుర్చీలు దించుతున్న చప్పుడు.

"ఎవలింట్లనో పెండ్లున్నట్టుంది" అంది అత్తమ్మ. "మనకు చెప్పనే లేదు సూడు."

"ఎవరై ఉంటారు అత్తమ్మా?"

"ఎవలైతేంది. పిల్వని పెండ్లికి మనమెందుకు పోతం."

బయట మనుషుల గుసగుసలు వినబడుతున్నాయి. చూసి వద్దామని లేవబోయాను. అత్తమ్మ నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. తలుపు తెరిస్తే గాలి వస్తుంది. మైనం ఇంకా ఒక వైపు అంచు తాకలేదు. నిజం చెప్పొద్దూ, అప్పటికి నాకూ పంతం పట్టింది. అంత చెమట కార్చాక బావి పడనిస్తానా?

సిరిసిల్ల నుంచి వదిన వచ్చేసరికి బాగా రాత్రయింది. వాళ్ళింట్లో మరమగ్గాలు ఉన్నాయి. ఫోన్ రాగానే ఉన్నది ఉన్నట్టు లేచి వచ్చింది. జుట్టు నిండా, భుజాల నిండా దూది నూగు. కారు దిగి, అందరినీ తోసుకుని, తలుపు ఒక్క తోపు తోసి లోపలికి వచ్చి పడింది. ఆమె వెనకే మా అన్నయ్యగారు, అంటే ఆమె భర్త. ఆయన వెనక మా తమ్ముడు. తమ్ముడి వెనక వీధి.

గాలికి మూడు మంటలూ ఒక్కసారి అటు ఒరిగాయి.

"తలుపెయ్యుండ్రి! గాలి!" అని అరిచింది అత్తమ్మ.

"అవ్వా..." అని వదిన ఆమె మెడ పట్టుకుని గొల్లుమంది.

కన్నకూతురు అలా ఏడుస్తూ వస్తే ఏ తల్లి ఏమనుకుంటుంది? అల్లుడికి ఏదో అయిందనుకుంది మా అత్తమ్మ. "అయ్యో బిడ్డా! ఎట్లాయె బిడ్డా! ఎప్పుడాయె!" అని తనూ ఎత్తుకుంది. ఆ అల్లుడు అక్కడే, ఆమె పాదాల దగ్గర, చేతులు కట్టుకుని తల వంచుకుని నిలబడి ఉన్నాడు. ఆమె ఏడుస్తూ తలెత్తి ఆయన్ను చూసింది. ఏడుపు ఆగిపోయింది.

"నువ్వు మంచిగనే ఉన్నవ్ కదయ్యా?"

"నాకేమైంది అత్తా?" అన్నాడాయన.

"మరి గిదెందుకు ఏడుస్తుంది?"

గదిలో అందరూ నా వైపు చూశారు. తమ్ముడు నా పక్కన కూలబడి నా చెయ్యి పట్టుకున్నాడు. వాడి చేతిలో జిరాక్సుల కట్ట. "అక్కా, నువ్వేం రంది పడకు. నేనున్న. బావను తెప్పిచ్చుడు నేను సూసుకుంట" అన్నాడు.

"బావను ఎందుకు తెప్పిస్తవురా? సెలవు రావాలంటె ఇంక శానా రోజులుంది" అన్నాను.

వాడు నన్ను చూసిన చూపు నేను ఎప్పటికీ మరచిపోలేను. అప్పుడు నాకు దండా, దీపమూ, ఫోనూ అన్నీ ఒకేసారి కనబడ్డాయి.

"అయ్యో, ఆయనకేం కాలే! ఇగో, ఇక్కడే ఉన్నడు కద! నాతోని మాట్లాడుతున్నడు!" అని ఫోను చూపించాను.

దండ వేసిన ఫోనులో మా ఆయన కదలకుండా మెదలకుండా దూరంగా చూస్తున్నాడు. అందరూ ఆయన్ను చూశారు. తరవాత నన్ను చూశారు. వెనక నుంచి ఒక ముసలామె, "పాపం, పిల్లకు మతి సలించింది" అంది. ఇంకొకామె నాకు మంచినీళ్ళు తెమ్మని ఎవరినో పంపింది. నేను ఎంత గట్టిగా చెబితే వాళ్ళ మొహాల్లో జాలి అంత పెరుగుతోంది. "మాట్లాడయ్యా!" అని నేను ఫోను వైపు తిరిగి బతిమాలాను. దాంతో వదిన మళ్ళీ గొల్లుమంది.

సరిగ్గా అప్పుడు నెట్టు వచ్చింది.

"ఏమే, అంచుదాక అచ్చిందా?" అన్నాడు మా ఆయన.

ముసలామె కూర్చున్న చోటే వెనక్కు ఒరిగింది. ఎవరో కేక పెట్టారు. గుమ్మంలో ఉన్నవాళ్ళు బయటికి, బయట ఉన్నవాళ్ళు లోపలికి తోసుకున్నారు.

"గంత మంది ఎందుకచ్చిండ్రు? అక్కా, నువ్వెప్పుడచ్చినవ్? మా బామ్మర్ది గూడ అచ్చిండా?" అని ఆయన ఒక్కొక్కరినీ సంబరంగా పలకరిస్తున్నాడు. కొవ్వొత్తి చూడటానికి ఇంతమంది వచ్చారనుకున్నాడట.

వదిన ఫోనును రెండు చేతులా పట్టుకుంది. కానీ అంత తొందరగా నమ్మితే మా వీధి మా వీధి ఎందుకవుతుంది? గుంపులో ఒకాయన, "గిది పాత వీడియో కావచ్చు. ఇయ్యాల్రేపు ఫోన్ల ఏదైన చేస్తున్నరు" అన్నాడు. చాలామంది తలలు ఊపారు. దాంతో పరీక్షలు మొదలయ్యాయి. "ఎడమ చెయ్యి లేపు రా" అని ఒకరు. "చెవు పట్టుకో" అని ఇంకొకరు. "మన ఇంటి ముందట ఏం చెట్టుంది?" అని పక్కింటి ఆమె. మా ఆయన బనీను మీద ఉన్నాడు. మొదట నవ్వుతూ చేశాడు, తరవాత చిరాగ్గా చేశాడు. చివరికి ఎవరో లేచి నిలబడి చూపించమన్నప్పుడు, "నేను సచ్చిన్ననుకున్నరా ఏంది?" అని అరిచాడు.

వదిన ఫోనును తలుపు వైపు, బయటి టెంటు వైపు తిప్పింది.

ఆయన మొహంలోకి అప్పుడు వచ్చిన మార్పును నేను దగ్గరగా చూశాను. టెంటు, జిరాక్సులు, అక్క జుట్టులో దూది, అన్నీ ఒక్కొక్కటే చూశాడు. "నాకోసం గింత మంది అచ్చిండ్రా?" అన్నాడు మెల్లగా. తరవాత తెర నల్లబడితే నెట్టు ఆగిపోయిందనే అనుకున్నాం. ఆగలేదు. ఆయనే కెమెరాకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

వదిన కళ్ళు తుడుచుకుని మొదట చేసిన పని దండ తీసి అవతల పారేయడం. తరవాత ఆమె చూపు కొవ్వొత్తి మీద పడింది. జనం తోపులాటలో పీట జరిగి, పక్క కిటికీ పరదా మంటలకు జానెడు దూరంలోకి వచ్చింది. ఆమె ఒక్క లాగుతో పరదాను తీగతో సహా ఊడబెరికింది. "మా షెడ్డుల అగ్గిపుల్ల గియ్యనియ్యం. మీరేమో గుడ్డ పక్కకు మూడు మంటలు పెట్టి కూసున్నరా?" అని మమ్మల్నిద్దరినీ కడిగి పారేసింది. తన తలలోని నూగు గుర్తొచ్చి తనూ నాలుగడుగులు వెనక్కు జరిగింది.

నేను గడియారం చూశాను. కాగితంలో చెప్పిన నాలుగు గంటలూ అయిపోవచ్చాయి. మైనం అంచు దాకా కరిగి నూనెలా తేటగా ఉంది. కానీ వత్తుల కొసలకు నల్లటి పుట్టగొడుగుల్లాంటివి కట్టి, మంటలు పొడుగై పొగ వస్తోంది. సీసా ముట్టుకోలేనంత వేడిగా ఉంది.

"ఇక ఆపేద్దాం" అని ఊదబోయాను.

ఒక్కసారిగా పది చేతులు నన్ను వెనక్కు లాగాయి. శుక్రవారం పూట దీపం ఆర్పడమా? అదీ ఇవాళ? ఇంతమంది ఆ మనిషి పోయాడని ఏడ్చిన రోజున, ఆయన పేరు మీద పెట్టిన దీపాన్ని పెళ్ళామే నోటితో ఊదుతుందా?

"గది దీపం కాదు, బుగ్గ అన్నడు అయ్యగారు" అన్నాను.

"బుగ్గైతె బొట్టెందుకు పెట్టిండ్రు?" అంది పక్కింటి ఆమె.

మూత పెడితే ఊపిరాడక ఆరిపోతుందని తమ్ముడన్నాడు. ఊపిరి అన్న మాట వినగానే వాడి మీద పడ్డారు అందరూ. ఒకాయన చెంబుతో నీళ్ళు తెచ్చాడు. కరిగిన మైనం మీద నీళ్ళు పోస్తే మంట భగ్గున లేస్తుందని నేను చెంబు లాక్కున్నాను. ఫోనులోంచి మా ఆయన, "నాకేం కాదు, ఆర్పుండ్రి! సీసా పలుగుతది!" అని మొత్తుకుంటున్నాడు. ఆయన మాట ఎవరూ వినడం లేదు. ఆయన బతికి ఉన్నాడని ఒప్పుకున్నారు గానీ, అంతకు మించి ఆయనకు ఏ అధికారమూ ఇవ్వలేదు.

అప్పటిదాకా అత్తమ్మ చాప మీద నుంచి లేవలేదు. అప్పుడు లేచింది. దేవుడి గూట్లోంచి మట్టి ప్రమిద తెచ్చి, నూనె పోసి, రెండు వత్తులు కలిపి వేసి, కొవ్వొత్తి మంట నుంచే ముట్టించింది. ప్రమిదను తీసుకుపోయి గూట్లో పెట్టి, దండం పెట్టి, వెనక్కు వచ్చింది.

"దీపం ఇల్లు మారింది. గిది ఇగ ఖాళీ సీసనే" అంది.

జడలోంచి పిన్ను తీసి, దాని కొసతో ఒక్కొక్క వత్తినీ వంచి కరిగిన మైనంలో ముంచి, మళ్ళీ పైకి లేపి నిలబెట్టింది. చుయ్యిమని మూడూ అణిగిపోయాయి. పొగ కూడా రాలేదు. ఊదినట్టూ కాదు, ఆర్పినట్టూ కాదు. జనం ఊపిరి పీల్చుకున్నారు. నేను ఫ్యాను వేశాను. ఆ గాలిని నేను ఇప్పటికీ తలుచుకుంటాను.

ఏడవడానికి వచ్చినవాళ్ళను తినకుండా ఎలా పంపుతాం? టెంటు ఎలాగూ వేసి ఉంది, కుర్చీలు ఉన్నాయి. పక్కింటి ఆమె తప్పు తనదేనన్నట్టు పెద్ద గిన్నెలో అన్నం ఎసరు పెట్టింది. వదినా నేనూ పప్పుచారు, పచ్చిపులుసు చేశాం. అందరూ టెంటు కింద కూర్చుని తిన్నారు. ఫోనును ఒక కుర్చీలో కూర్చోబెట్టారు. మా ఆయన అందరూ తినేదాకా చూశాడు. తన గదిలో ఆ రోజు ఖుబూసు రొట్టె, పెరుగేనట. తమ్ముడు వెళ్ళేటప్పుడు జిరాక్సుల కట్ట మా ఇంట్లోనే పెట్టి పోబోయాడు, ఎప్పటికైనా పనికొస్తాయని. వదిన వాటిని చించి పొయ్యిలో వేసింది.

ఆ కొవ్వొత్తిని తరవాత కూడా వాడాం. కాకపోతే కిటికీ పరదా మాత్రం మళ్ళీ వేయలేదు. తలుపు తీసి, ఫ్యాను గాలి తగలని మూలలో పెట్టి, వచ్చే పోయేవాళ్ళందరికీ కనబడేలా వెలిగిస్తాం. ప్రతిసారీ బియ్యపు గింజంత వత్తి ఉంచి మిగతాది తీసేస్తే మంట పొట్టిగా, నిలకడగా ఉంటుంది. పొగ రాదు. అడుగున వేలి మందాన మైనం మిగలగానే ఆపేశాం, అంతకు మించి కాలిస్తే సీసా పగులుతుందని కాగితంలో ఉంది. ఆ మిగిలిన మైనం ఏమైందని మీరు అడిగితే, మా అత్తమ్మ మోకాళ్ళను అడగాలి.

అన్నీ సద్దుమణిగి చాలా రోజులయ్యాక ఒక మధ్యాహ్నం ఇబ్రహీంపట్నం నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. మా మామయ్య బతికున్నప్పుడు ఆయనతో కలిసి తాటిచెట్లెక్కి కల్లు గీసినవాడు. ఇప్పుడు కాళ్ళు సాగక మానేశాడు. ఆయన కొడుకులు చెరొక పనిలో ఉన్నారు. తలకు తుండు చుట్టుకుని, చంకలో కల్లు కుండ పెట్టుకుని, బస్సు దిగి ఎండలో నడిచి వచ్చాడు. ఆయన దాకా సగం కబురే చేరింది. రెండో సగం దారిలో ఎక్కడో ఆగిపోయింది.

గుమ్మంలో కుండ దించి, అత్తమ్మను చూసి పెదవులు కొరుక్కున్నాడు. "శెల్లె, జెర ఆలిశమైంది. పోరనికి కల్లంటె పానం కద. సాకవోద్దామని తెచ్చిన" అన్నాడు. సాకపోయడమంటే పోయినవాళ్ళ పేరు మీద ధార పోయడం.

అత్తమ్మ ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, మెల్లగా సంగతి చెప్పింది. ఆయన మొత్తం విన్నాడు. నేను ఫోన్ కలిపి మా ఆయన్ను చూపించాను. ఆయన ఫోనును దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూసి, "గట్లనా" అన్నాడు. కుండ వైపు చూశాడు. "మరి గీ కల్లేం చెయ్యాలె?"

"ఏం చేస్తమన్నా, తాగుదాం" అని అత్తమ్మ లోపలికి పోయి గ్లాసులు తెచ్చింది.

ఉడికించిన గుడ్లు, ఉల్లిగడ్డ ముక్కలు పెట్టాను. ఇద్దరూ అరుగు మీద కూర్చుని పొద్దు వాలేదాకా మా మామయ్య సంగతులు మాట్లాడుకున్నారు. ఫోనులో మా ఆయన వాళ్ళు తాగుతుంటే చూస్తూ గుటకలు మింగాడు. బస్సు వేళకు పెద్దాయన ఖాళీ కుండ చంకన పెట్టుకుని లేచాడు.

"మంచిగైంది శెల్లె, పోరడు పానంతోని ఉన్నడు" అన్నాడు. రెండడుగులు వేసి వెనక్కు తిరిగాడు. "ఇంకోపారి ఏమన్న అయితె ముందుగాల ఫోన్ చేసి అడుగుత. గీ ఎండల ఊకెనే రాలేను."